పెస్ట్ కంట్రోల్ ఉద్యోగానికి ‘పది పాస్’ చాలా, బీఎస్సీ కావాలా?

హైదరాబాద్‌లో జిరాక్స్ షాపుల గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఒక కాగితం తరచూ కనిపిస్తుంటుంది. ‘పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్లు కావలెను. పదో తరగతి పాస్ లేదా ఫెయిల్. సొంత బైక్ ఉంటే ప్రాధాన్యం.’ అదే పని గురించి కాస్త వాకబు చేస్తే ఇంకో మాట వినిపిస్తుంది: కెమిస్ట్రీతో డిగ్రీ ఉండాలి, ప్రభుత్వ సంస్థలో 15 రోజుల శిక్షణ పొందాలి, లైసెన్సు తీసుకోవాలి. ఏది నమ్మాలో తెలియక చాలామంది కుర్రాళ్లు అక్కడే ఆగిపోతారు. కొందరు ఆ గందరగోళంలోనే ఎవరికో డబ్బు కట్టి, ఎందుకూ కొరగాని సర్టిఫికెట్ తెచ్చుకుంటారు.

నిజానికి రెండు మాటలూ సరైనవే. అవి ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి చెబుతున్నాయి, అంతే. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ ఎంత ప్రమాదకరమో 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో తెలిసింది. ఒక ఇంట్లో ఎలుకల కోసం పెస్ట్ కంట్రోల్ వాళ్లు మందు పెట్టి వెళ్లారు. ఆ రాత్రి అక్కడ పడుకున్న ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. ఈ పనిలోకి వెళ్దామనుకునే వాళ్లకు అసలు ఎవరు ఎవరో, ఎవరి బాధ్యత ఎంతో ముందు తెలియాలి.

ఆపరేటరు వేరు, టెక్నీషియను వేరు, మందుల డీలరు వేరు

మన దేశంలో పురుగుమందులన్నీ 1968 నాటి చట్టం, దాని కింద వచ్చిన 1971 నిబంధనల పరిధిలోకి వస్తాయి. పొలంలో చల్లే మందయినా, వంటింట్లో బొద్దింకలకు పెట్టే జెల్ అయినా అదే చట్టం. ఇంట్లో గానీ, ఆఫీసులో గానీ, పొలంలో గానీ వ్యాపారంగా మందు చల్లినా, విషవాయువు పెట్టినా ఆ నిబంధనలు దాన్ని పెస్ట్ కంట్రోల్ పనిగా లెక్కిస్తాయి. మన ఇంట్లో మనం కొట్టుకునేది ఇందులోకి రాదు.

ఈ వ్యాపారం చేసే వాళ్లను నిబంధనలు ‘ఆపరేటరు’ అంటాయి. సొంతంగా ఈ పని చేపట్టే వ్యక్తి గానీ, మనుషులను పెట్టి చేయించే సంస్థ గానీ ఆపరేటరే. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన లైసెన్సింగ్ అధికారి నుంచి లైసెన్సు తీసుకోవాల్సింది ఈ ఆపరేటరు. డిగ్రీ మాట వచ్చేది ఇక్కడే. దరఖాస్తు చేసే వ్యక్తి అగ్రికల్చర్‌లో గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్సులో గానీ పట్టభద్రుడై ఉండాలి. దాంతోపాటు కనీసం 15 రోజుల శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఆ శిక్షణ కోసం నిబంధనలు పేర్కొన్నవి మూడు సంస్థలు: మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ), ఉత్తరప్రదేశ్ హాపుర్‌లోని ధాన్య నిల్వ సంస్థ, హైదరాబాద్‌లోని మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ. ఈ మూడోది రాజేంద్రనగర్‌లో ఉంది. 1966లో మొదలైన ఆ సంస్థనే ఇప్పుడు ఎన్‌ఐపీహెచ్‌ఎం అంటున్నారు. తెలుగు వాళ్లకు ఇది ఇంటి పక్క సౌకర్యం.

రాజేంద్రనగర్‌లోనే ‘మేనేజ్’ అనే ఇంకో కేంద్ర సంస్థ ఉంది. ఎరువులు, పురుగుమందులు అమ్మే దుకాణదారుల కోసం అది ‘దేశి’ అనే ఏడాది డిప్లొమా నడుపుతుంది. రెండూ ఒకే ప్రాంతంలో ఉండటంతో, రెండింట్లోనూ పురుగుమందుల మాటే వినిపించడంతో చాలామంది పొరబడతారు. దేశి డిప్లొమా షాపు పెట్టేవాళ్ల కోసం. పెస్ట్ కంట్రోల్ లైసెన్సుకు అది పనికిరాదు.

ఇక మన ఇంటికి బ్యాగు వేసుకుని వచ్చే కుర్రాడు టెక్నీషియను. అతను లైసెన్సు ఉన్న ఆపరేటరు కింద పనిచేస్తాడు. అతనికి ఇంత చదువు ఉండాలని, ఫలానా సర్టిఫికెట్ తేవాలని నిబంధనలు అడగవు. గోడ మీది కాగితంలో ‘పాస్ లేదా ఫెయిల్’ అని రాయగలిగేది అందుకే.

చట్టం యజమానిని ఏమేం అడుగుతుంది

టెక్నీషియను దగ్గర కాగితాలు అడగలేదు కాబట్టి అతని సంగతి చట్టానికి పట్టలేదనుకుంటే పొరపాటు. అదే 1971 నిబంధనల్లో 37 నుంచి 42 వరకు చదివితే వేరే చిత్రం కనిపిస్తుంది. మందు పిచికారీ చేసే మనిషికి ఉద్యోగంలో చేరకముందే డాక్టరు పరీక్ష జరగాలి. తర్వాత కనీసం మూడు నెలలకోసారి జరగాలి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ రకం మందులతో పనిచేసే వాళ్లకైతే రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఎంత ఉందో నెలనెలా చూడాలి. ఆ మందులు పురుగును చంపేది దాని నరాల్లోని ఈ ఎంజైమును అడ్డుకునే. మన ఒంట్లోనూ అదే ఎంజైము ఉంది. రోజూ కొద్దికొద్దిగా మందు ఒంటికి పడితే మనిషికి తెలియకుండానే అది తగ్గుతూ పోతుంది. చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, కంటిపాప కుంచించుకుపోయే దాకా ఆగకుండా ముందే పట్టుకోవడానికే ఆ రక్తపరీక్ష.

ఒంటిని కాపాడే దుస్తులు, ముక్కుకు తగిన మాస్కు, ప్రథమ చికిత్స ఏర్పాట్లు కూడా ఉండాలని నిబంధనలు చెబుతాయి. 42వ నిబంధన ఇంకా సూటిగా, జాగ్రత్తల మీద, రక్షణ పరికరాల వాడకం మీద పనివాళ్లకు శిక్షణ ఇప్పించే బాధ్యతను తయారీదారుల మీద, పంపిణీదారుల మీద, ఆపరేటర్ల మీద పెట్టింది.

అంటే శిక్షణ పొందడం ఈ ఉద్యోగంలో చేరేవాడి హక్కు. ‘ముందు పదివేలు కట్టు, ట్రైనింగ్ ఇస్తాం’ అనే వాళ్ల మాటకూ ఈ నిబంధనకూ పొంతన లేదు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది సీనియర్ వెనక నాలుగు రోజులు తిరిగి ఐదో రోజు పంపు పట్టుకుంటున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

‘ఇంతేనా బాబూ, మందు కొట్టవా?’

ఆమధ్య మా ఇంట్లో బొద్దింకల కోసం ఒక కుర్రాడు వచ్చాడు. వచ్చీ రాగానే పంపు తీస్తాడనుకున్నాం. అతను టార్చి తీశాడు. ఫ్రిజ్ జరిపి వెనక మోటారు పక్కన చూశాడు. సింకు కింద గొట్టం గోడలోకి వెళ్లే చోట చూశాడు. గట్టు కింది అరల తలుపులు తెరిచి, బందుల సందుల్లో వేలితో తడిమాడు. తర్వాత సిరంజిలాంటి ట్యూబుతో కందిపప్పు బద్దంత చుక్కలు పెడుతూ పోయాడు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది.

మా అమ్మకు తృప్తి లేదు. ‘ఇంతేనా బాబూ, మందు కొట్టవా?’ అంది. ‘కొడితే జెల్ తినవమ్మా’ అన్నాడు.

ఆ ఒక్క ముక్కలో ఈ వృత్తి ఎంతగా మారిందో ఉంది. మన వంటింట్లో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింకను జర్మన్ బొద్దింక అంటారు. దాని గుడ్ల తిత్తిలో 30 నుంచి 40 పిల్లలు ఉంటాయి. పిల్లలు బయటికొచ్చే దాకా తల్లి ఆ తిత్తిని మోసుకునే తిరుగుతుంది. స్ప్రే కొడితే ఎదురుగా ఉన్నవి చస్తాయి, మిగిలినవి ఆ ఘాటుకు గోడ సందుల్లోకి, పక్క ఫ్లాటులోకి పారిపోతాయి. జెల్ పద్ధతి వేరు. అది తిన్న బొద్దింక గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టను, కళేబరాన్ని తిన్న మిగతావీ చస్తాయి. జెల్ మీద గానీ పక్కన గానీ స్ప్రే పడితే బొద్దింకలు దాని దగ్గరికే రావు, రెండు పనులూ చెడతాయి. అందుకే టెక్నీషియనుకు చేతి బలం కన్నా చూపు ముఖ్యం. పురుగు ఎక్కడ తింటోంది, ఎక్కడ దాగుతోంది, ఏ దారిన వస్తోంది అన్నది పట్టుకోవాలి.

నల్లుల దగ్గర ఓపిక కావాలి. చాలాచోట్ల అవి పైరెథ్రాయిడ్ రకం మందులకు అలవాటుపడిపోయాయి. గుడ్ల మీద మందు సరిగా పనిచేయదు. ఆ గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి రెండోసారి రావడం తప్పనిసరి. ‘ఒక్క సర్వీసుతో నల్లులు మాయం’ అనే మాట నమ్మదగింది కాదు.

పాములు, తేనెపట్లు కూడా తీయమని జనం అడుగుతుంటారు. అది ఈ ఉద్యోగంలో భాగం కాదు. పాముల విషయంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

చెదల పనిలో లెక్క ఎందుకంత ముఖ్యం

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువ తడబడేది చెదల దగ్గర. ఇది అచ్చంగా లెక్కల పని. దీనికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఇల్లు కట్టేటప్పుడు చేసే పని దాని రెండో భాగంలో, కట్టిన ఇంట్లో చేసే పని మూడో భాగంలో ఉంటుంది.

కట్టిన ఇల్లే తీసుకుందాం. గోడ, నేల కలిసే చోట సుమారు 30 సెంటీమీటర్లకో రంధ్రం వేసి, ఒక్కో రంధ్రంలో లీటరు మందునీళ్లు దించాలి. ఇంట్లో గోడల అంచు మొత్తం 60 మీటర్లు ఉందనుకుందాం. 60 మీటర్లంటే 6,000 సెంటీమీటర్లు. 30తో భాగిస్తే 200 రంధ్రాలు, అంటే 200 లీటర్ల మందునీళ్లు. 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ అనే చెదల మందు వాడుతుంటే లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు. 200 లీటర్లకు 420 మిల్లీలీటర్లు కావాలి.

ఇప్పుడు అదే ఇంటికి ఒక టెక్నీషియన్ను పావు లీటరు సీసా, 20 లీటర్ల డబ్బాతో పంపారనుకోండి. మందు సగంకన్నా కాస్త ఎక్కువ ఉంది. నీళ్లు పదో వంతే. రంధ్రాలు 200 కొట్టినా ఒక్కోదాంట్లో వంద మిల్లీలీటర్లే పడతాయి. మట్టిలో మందు ఒక పొరలా పరుచుకోదు, మధ్యలో సందులు మిగిలిపోతాయి. చెద ఆ సందుల్లోంచి వస్తుంది. ఆరు నెలలకు ఇంటాయన ఫోన్ చేసి తిట్టేది యజమానిని కాదు, ఆ టెక్నీషియన్నే.

గాఢత లెక్క కూడా ఇలాంటిదే. సీసా మీద 20 శాతం అని ఉన్న క్లోర్‌పైరిఫాస్‌ను 1 శాతానికి తేవాలంటే ఒక లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. 20 కాదు, 19. మందు కూడా ఆ ఇరవైలో ఒక లీటరే కదా. 2.5 శాతం బైఫెంత్రిన్‌ను 0.05 శాతానికి తేవాలంటే మొత్తం యాభై రెట్లు కావాలి, లీటరు మందుకు 49 లీటర్ల నీళ్లు. పదో తరగతి లెక్కే, కానీ రోజూ చేతిలో ఉండాలి.

క్లోర్‌పైరిఫాస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి ప్రకృతిలో నిలిచిపోయే విష రసాయనాల మీద స్టాక్‌హోమ్ ఒప్పందం అని ఒకటుంది. 2025లో జెనీవాలో సమావేశమైన ఆ ఒప్పంద దేశాలు దాన్ని కొన్ని మినహాయింపులతో నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చాయి. ఈ వృత్తిలో ఒకరు ఇరవై ఏళ్లు వాడిన మందు కూడా ఇలా పక్కకు పోవచ్చు. డబ్బా మీది లేబుల్ చదవడం వచ్చినవాడికి అది పెద్ద కష్టం కాదు. లేబుల్ మీద వజ్రాకారంలో ఉండే రంగు గుర్తే మొదటి పాఠం. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే, తక్కువ తీవ్రత ఉన్నది. వాసన రాదు కాబట్టి హాని లేదనుకునే వాళ్లు ఈ గుర్తును చూడరు.

గ్యాస్ పెట్టే పని పూర్తిగా వేరే లోకం

బియ్యం గోదాముల్లో, ఓడరేవుల్లో టార్పాలిన్ కప్పి గ్యాస్ పెట్టడాన్ని ఫ్యుమిగేషన్ అంటారు. కాకినాడ రేవు నుంచి విదేశాలకు వెళ్లే బియ్యానికి, విశాఖ నుంచి వెళ్లే సరుకు కింది చెక్క పలకలకు ఈ పని కావాలి. కొనే దేశం ఫ్యుమిగేషన్ సర్టిఫికెట్ అడుగుతుంది. ఇందులో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్, మిథైల్ బ్రోమైడ్ మామూలు లైసెన్సుతో వాడదగినవి కావు. ఫరీదాబాద్‌లోని కేంద్ర మొక్కల సంరక్షణ విభాగంలో ప్లాంట్ ప్రొటెక్షన్ అడ్వైజర్ అనే అధికారి అనుమతి ఉండాలి.

ఎందుకంత కట్టడి అంటే ఈ లెక్క చూడండి. 3 గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల గాలిలోని తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. ఒక గ్రాము ఫాస్ఫీన్ అంటే సుమారు 0.7 లీటర్ల వాయువు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో సుమారు 28,000 లీటర్ల గాలి ఉంటుంది. భాగిస్తే పది లక్షల పాళ్లలో 25 పాళ్లు, అంటే 25 పీపీఎం. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటుకు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు 0.3 పీపీఎం. ఒక్క బిళ్ల, మూసిన గది, హద్దుకు ఎనభై రెట్లు. రెండో బిళ్ల పడితే ప్రాణానికి తక్షణ ప్రమాదమనే 50 పీపీఎంకు చేరుతుంది. పైగా ఈ వాయువు గాలికన్నా కాస్త బరువైనది, పగుళ్లలోంచి పక్క గదిలోకి, కింది ఫ్లాటులోకి దిగుతుంది.

ఇళ్లలో ఎలుకలకో నల్లులకో ఈ బిళ్లలు పెట్టమని ఏ సూపర్‌వైజరైనా చెబితే అది పని నేర్పడం కాదు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వాయువును ఆపలేవు. ఆ వాయువును వడగట్టే డబ్బా బిగించిన మాస్కు, వాయువును కొలిచే మీటరు కావాలి.

టెక్నీషియనుకూ సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా?

ఈ ప్రశ్న మీద రంగంలోనే రెండు మాటలున్నాయి. తప్పనిసరి చేయాలనే వాళ్లు చెప్పేది: లైసెన్సు ఆఫీసు గోడ మీద ఫ్రేములో ఉంటుంది, విషం కలిపేది మాత్రం రోడ్డు మీద తిరిగే కుర్రాడు. ప్రమాదం జరిగేది అతని చేతుల్లో. డ్రైవింగ్ లైసెన్సు లారీ ఓనరుకు ఉంటే సరిపోతుందా?

వద్దనే వాళ్ల మాటలోనూ బలం ఉంది. ఈ పనిలో చేరేది ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చిన, చదువు మధ్యలో ఆపిన పిల్లలు. ముందే సర్టిఫికెట్ అడిగితే వాళ్లకు ఉన్న ఒక్క తలుపూ మూసుకుంటుంది. సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు వెలుస్తాయి. చిన్న ఆపరేటర్లయితే, శిక్షణ ఇచ్చిన కుర్రాడు ఆరు నెలలకే ఐదొందలు ఎక్కువిచ్చే చోటికి వెళ్లిపోతాడని వాపోతారు. అది అబద్ధం కాదు.

నా మట్టుకు నాకు, కొత్త సర్టిఫికెట్ కన్నా ఉన్న 37, 42 నిబంధనలను తనిఖీ చేయడమే ముందు జరగాలనిపిస్తుంది. పనివాడికి వైద్య పరీక్ష చేయించిన కాగితం, శిక్షణ ఇచ్చిన రిజిస్టరు లేకుండా ఆపరేటరు లైసెన్సు కొనసాగకూడదు. 1968 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం 2020లో రాజ్యసభలో బిల్లు పెట్టినప్పుడు చర్చంతా రైతుల చుట్టూ, కంపెనీల చుట్టూ తిరిగింది. ఇళ్లలో మందు కొట్టే కుర్రాడి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

జీతం కాగితం మీద చూడాల్సిన రెండు పద్దులు

పని ఎక్కువగా దొరికేది మూడు చోట్ల. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు ఒకటి. హోటళ్లు, ఆహార పరిశ్రమలు రెండోది. ఆహార భద్రత నిబంధనల నాలుగో షెడ్యూలు వీటిలో పురుగుల, ఎలుకల నియంత్రణ ఉండాలంటుంది కాబట్టి ఏడాది పొడవునా కాంట్రాక్టులు నడుస్తాయి. హోటలు మూసేశాక మొదలయ్యే పని కాబట్టి రాత్రి డ్యూటీలు తప్పవు. మూడోది మునిసిపాలిటీల దోమల విభాగం, అది చాలావరకు ఔట్‌సోర్సింగ్.

జీతం నగరాన్ని బట్టి, సంస్థను బట్టి మారుతుంది. ఉదాహరణకు నెలకు 16,000, అందులో బేసిక్ 12,000 అనుకుందాం. పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, 1,440. ఈఎస్‌ఐ మొత్తం జీతంలో 0.75 శాతం, 120. చేతికి 14,440 వస్తుంది. పక్క సంస్థ ‘కోతల్లేకుండా 15,000’ అంటే చేతికి 560 రూపాయలు ఎక్కువే. కానీ యజమాని తన వాటాగా కట్టే పీఎఫ్ ఉండదు. మందు ఒంటికి పడి నెల రోజులు మంచాన పడితే ఈఎస్‌ఐ ఉన్నవాడికి వైద్యంతో పాటు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది, లేనివాడికి ఆ అండ ఉండదు. ఈ ఉద్యోగంలో ఆ 120 రూపాయలు చాలా విలువైనవి. పది మందికన్నా తక్కువ పనిచేసే చిన్న సంస్థలకు ఈఎస్‌ఐ సాధారణంగా వర్తించదు, పీఎఫ్‌కు ఆ హద్దు 20 మంది.

సొంతంగా పెట్టుకోవాలన్నా, గల్ఫ్ వెళ్లాలన్నా

నాలుగైదేళ్లు పనిచేసిన టెక్నీషియనుకు సొంతంగా మొదలుపెట్టాలనే ఆలోచన రావడం సహజం. కస్టమర్లు తెలుసు, మందులు తెలుసు, పంపు కొనడం పెద్ద ఖర్చు కాదు. అక్కడ మళ్లీ డిగ్రీ గుమ్మం అడ్డుతగులుతుంది. కొందరు వేరొకరి లైసెన్సు నీడలో నడిపిస్తారు. ఏదైనా జరిగితే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. ఇంటరు దాకా చదివినవాళ్లకు దారి ఉంది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తూనే బీఎస్సీ చేయవచ్చు, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. ఆ తర్వాత రాజేంద్రనగర్‌లో 15 రోజులు. మూడు నాలుగేళ్ల పని, కానీ ఆ లైసెన్సు సొంతం.

గల్ఫ్ సంగతి వేరు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు నుంచి ఈ పని మీద వెళ్లేవాళ్లున్నారు. అక్కడ ఎండాకాలమంతా చీమలు, బొద్దింకల పని ఉంటుంది. ఇక్కడ గోడ కాగితంలో తేడా లేదన్న ‘పాస్ లేదా ఫెయిల్’ అక్కడికి వెళ్లేటప్పుడు పెద్ద తేడా అవుతుంది. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండదు. పాస్ కాకపోతే ఆ ముద్ర పడుతుంది, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే ముందు ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. పాసైనా, కాకపోయినా రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన ఫీజు గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 35,400 రూపాయలు. లక్షన్నర అడిగేవాడి దగ్గర ఆ లక్షన్నరకు రసీదు ఉండదు.